‘బతికిండు గదా’ అన్నారు అందరూ

మా రవి బతికే ఉన్నాడు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. దవాఖాన వరండాలో కూర్చుని ఇలాంటివి చదివేవాళ్ళకు ముందు కావలసింది ఆ ఒక్క ముక్కే. నాకూ అప్పట్లో అదే కావలసి వచ్చింది. బతికితే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటానని కనపడిన దేవుడికల్లా మొక్కాను. ఆ మిగతాది ఎంత ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. తెలిసినా అదే మొక్కు మొక్కేదాన్ని అనుకోండి.

మాది శంషాబాద్. నేను పదో తరగతి వరకు చదివాను, అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. మా ఆయన మల్లయ్య, నేను బర్రెలను పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్ళకూ హోటళ్ళకూ పాలు పోస్తాం. 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక మా దగ్గర సగం మంది మొగపిల్లలు డ్రైవర్లయ్యారు. మా ఒక్కగానొక్క కొడుకు రవీ అయ్యాడు. మరుసటేడు షాద్‌నగర్ అవతలి ఊరి నుంచి స్వరూపను కోడలిగా తెచ్చుకున్నాం. వాడు నవ్వించే మనిషి. వాడు ఇంట్లో ఉంటే పక్కింటివాళ్ళు కూడా మా అరుగు మీదే చాయ్ తాగేవాళ్ళు. పాలు పిండటంలోనూ అంతే, నేను చెంబు నింపేలోపల వాడు బకెట్ నింపేవాడు.

2011, వానాకాలం

ఆ సాయంత్రం కారు ఓనరుకు అప్పజెప్పి, బండి మీద ఇంటికి వస్తున్నాడు. ప్లాట్లకు మట్టి, ఇసుక తోలే టిప్పర్ల నుంచి రాలిన ఇసుక వానకు రోడ్డంతా పరుచుకుని ఉంది. బండి జారింది. హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. దానికి ఒక్క గీత పడలేదు. తలకంటే టోపీనే భద్రంగా చూసుకున్నాడు నా కొడుకు. మీ ఇంట్లో కూడా అలా తగిలించుకుని తిరిగే మొనగాడు ఉంటే ఈ కాగితం వాడి ముఖాన కొట్టి చదివించండి.

నగరంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. తల ఆపరేషన్ చేశారు. లోపల ఏం చేశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నాకు తెలిసిందల్లా ఆ తలుపు. అది తెరుచుకున్నప్పుడల్లా బయట కూర్చున్నవాళ్ళమంతా ఒకేసారి లేచి నిలబడేవాళ్ళం. పేరు పిలిస్తే ఒక్కరు ముందుకు పోయేవారు, మిగతావాళ్ళం కూర్చునేవాళ్ళం.

నా పక్కన జల్‌పల్లి నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఆమె భర్త లోపల ఉన్నాడు. నేను నోట్లో మెతుకు పెట్టడం లేదని చూసి, తన రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది.

“అక్కా, జర తిను. నువ్వు పడిపోతే నీ కొడుకును ఎవరు చూస్తరు?”

“దిగుతలేదమ్మా.”

“నాకు దిగుతుందా? మింగాలె అంతే.”

ఆమె భర్త దక్కలేదు. గుండెలు బాదుకుని ఏడుస్తూ పోతున్న మనిషి, నన్ను చూసి ఆగింది. “నీ కొడుకు బతుకుతడు అక్కా” అని నా తల నిమిరి పోయింది. ఆమె పేరు అడగాలన్న సోయి కూడా నాకు లేకపోయింది.

మా వాడు బతికాడు. కళ్ళు తెరిచి చాలా రోజులు ఎటో చూస్తూ ఉండి, ఒకనాడు “అమ్మా, ఆకలైతుంది” అన్నాడు. మా ఆయన వార్డులో అందరికీ మిఠాయి పంచాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. “ప్రాణగండం గడిచింది. కానీ తలకు తగిలిన దెబ్బ, మనిషి మారొచ్చు. మీరే ఓపిక పట్టాలి” అన్నాడు. మేం మొదటి ముక్క విన్నాం. రెండో ముక్క మా చెవుల పక్క నుంచి పోయింది. స్వరూప ఒక్కతే “మారొచ్చు అంటే ఎట్ల సార్?” అని అడిగింది. “అపశకునం మాటలు మాట్లాడకు” అని మా ఆయన ఆమెను కసిరాడు.

ఆ చలికాలం

ఇంటికి తెచ్చాక జనం వచ్చారు. యాపిల్ పండ్లు తెచ్చారు, సలహాలు తెచ్చారు. పండ్లు బర్రెలకు కూడా పెట్టాం, సలహాలు ఎవరికి పెట్టాలో తెలియలేదు. ఒకరు తాయత్తు అన్నారు, ఒకరు మేక మెదడు వండిపెట్టమన్నారు. “ఒక పిల్లగానిని కంటే అదే సర్దుకుంటది” అని ఒక మహాతల్లి స్వరూప ముందే అంది. పోయేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే మాట: “బతికిండు గదా, ఇగ ఏంది!”

నిజమే, చూడటానికి వాడికేం లేదు. జుట్టు పెరిగి కుట్లు కప్పేసింది. కాళ్ళు చేతులు ఆడుతున్నాయి. చిన్నప్పటి సంగతులన్నీ గుర్తున్నాయి. పొద్దున ఏం తిన్నాడో మాత్రం మధ్యాహ్నానికి గుర్తుండదు. వాసన తెలియదు, పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా పక్కనే కూర్చుని ఉండేవాడు. మనసులో వచ్చింది వచ్చినట్టు నోటితో అనేసేవాడు. చూడవచ్చిన మేనమామను “నీ దగ్గర చెమట కంపు అని అమ్మ ఎప్పుడూ అంటది” అన్నాడు. నేను అన్న మాట నిజమే కాబట్టి నేను లోపలికి పారిపోయాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు నవ్వు రాలేదు, ఆ మేనమామ మళ్ళీ రాలేదు కూడా.

2012

రోజూ పొద్దున్నే తయారై, తెల్ల చొక్కా వేసుకుని, కారు తాళాలు ఏవని అడిగేవాడు. కారు లేదు బిడ్డా, నువ్వు డ్యూటీ చేయడం లేదు అంటే ఉరిమి చూసేవాడు. ఒకనాడు చెప్పకుండా నడుచుకుంటూ ఎయిర్‌పోర్టు దాకా పోయాడు. కార్లు వరుసగా ఆపుకునే చోట నిలబడి, నా బండి ఎవడు తీసుకుపోయాడని అందరినీ నిలదీశాడట. పాత దోస్తులు గుర్తుపట్టి, చాయ్ తాగించి, కారులో ఎక్కించుకుని వచ్చి దింపారు. దింపిన పిల్లవాడు మా వాకిట్లో నిలబడి ముఖం తుడుచుకున్నాడు. “అమ్మా, అన్న నా పేరు మంచిగనే చెప్పిండు. కానీ జోకు చేస్తే నవ్వలే” అన్నాడు.

పాలు పిండటం చేతులకు గుర్తుంది, పిండానన్నదే తలకు గుర్తుండదు. బర్రె దూడను, అదే దుడ్డెను, వదిలి, బర్రె పాలు చేపాక దుడ్డెను కట్టేసి, శుభ్రంగా పిండేవాడు. కాసేపటికి మళ్ళీ బకెట్ పట్టుకుని వచ్చి దుడ్డెను వదిలేవాడు. ఖాళీ పొదుగు పట్టుకుంటే బర్రె తంతుంది, వీడికి కోపం. ఒకసారి పిండకముందే వదిలి మర్చిపోతే, పొదుగంతా తాగి ఒక దుడ్డెకు విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆయన, నేను అరిచేవాళ్ళం. మేం అరిస్తే వాడు ఇంకా పైకి అరిచేవాడు.

దారి కనిపెట్టింది స్వరూపే. పిండిన బర్రె కొమ్ముకు ఎర్రగుడ్డ కట్టడం మొదలుపెట్టింది. గుడ్డ ఉంటే పిండినట్టు. వాడు వచ్చి చూసి, గుడ్డ ముట్టుకుని, మారుమాట లేకుండా వెనక్కి పోయేవాడు. టీవీ నడుస్తుండగా ఇద్దరు మాట్లాడితే వాడికి తల తిరిగి కోపం వస్తుందని కనిపెట్టింది కూడా ఆమే. టీవీ కట్టేసి, ఒక్కరే, ఒక్క మాటే, మెల్లగా చెప్పాలి. మాకు అది చేతకాలేదు. పాలవాళ్ళ ఇల్లు కదా, మేం మెల్లగా మాట్లాడితే బర్రెలకే అనుమానం వస్తుంది.

ఇంత చేసిన పిల్లకు దక్కిందేమిటో కూడా రాయాలి. దాచిపెడితే ఇది రాసి లాభం లేదు. ఒకరోజు ఇంటినిండా చుట్టాలు, గోల. స్వరూప అన్నం పెడుతుంటే వాడు కంచం ఎత్తి విసిరాడు. అంచు ఆమె కనుబొమ్మ మీద తగిలి చీరుకుపోయింది. రక్తం చూసి వాడే బెదిరిపోయి, “ఎవరు కొట్టిన్రు నిన్ను? ఎవరు?” అని ఆమె చేయి పట్టుకుని అడిగాడు. ఆమె పైటకొంగు అదిమిపెట్టుకుని కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో ఆమెకు ముల్లు గుచ్చుకుంటే ఊరంతా లేపిన మనిషి వాడు.

మా ఆయన మాత్రం కొడుక్కి ఏమీ కాలేదనే అనేవాడు. “బద్ధకం. పనికి పోతే అదే సక్కగైతడు” అని ఎవరు అడిగినా ఒకటే పాట. నేను ఆయనతో మాట్లాడటమే తగ్గించేశాను. ఒక ఇంట్లో నలుగురం, ఎవరి మూల వారిది అయిపోయింది.

2013, ఎండాకాలం

స్వరూప అన్న వచ్చాడు. అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“అత్తమ్మా, చెల్లెకు ఐదో ఏడు గదా. ఒడిబియ్యం పోస్తున్నం. తోల్కపోదామని వచ్చిన.”

“మంచిదే. రవిని గూడ తయారు చేస్త.”

“బావకెందుకు పరేషాన్... బస్సుల్ల గుంజులాట... మళ్ల చూద్దాం తియ్.”

మా దిక్కు ఒడిబియ్యమంటే ఆలుమగలను ఒక్క పీట మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ బట్టలు పెట్టి, ఆడపిల్ల ఒడిలో పసుపు బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు పోసి, సల్లగా కాపురం చెయ్యమని పంపడం. అల్లుడు లేకుండా పోస్తామన్నారంటే నాకు అర్థం కానిదేముంది! పిల్లాజెల్లా లేరు, పిల్లకు ఇంకా వయసుంది, ఇంటికి తెచ్చుకుని వేరే దారి చూద్దామన్నది వాళ్ళ ఆలోచన. సక్కగా చెప్పలేక ఒడిబియ్యం సాకు చేశారు.

స్వరూప పోయేముందు బర్రెలన్నిటికీ గుడ్డలు కట్టింది. నాకు ఏవేవో జాగ్రత్తలు చెప్పింది. ఆమె బస్సు ఎక్కగానే నేను ఇంటికొచ్చి బీరువా తెరిచాను. సిగ్గుమాలిన పనే, కానీ తెరిచాను. చీరలన్నీ ఉన్నాయి. గోడకుండే పెళ్ళి ఫొటో మాత్రం లేదు.

“ఇగ రాదు” అన్నాడు మా ఆయన.

“నోట్లె ఇంత మట్టి పోసుకో” అన్నాను. ఆయన అన్నది నా కడుపులో ఉన్న మాటే, అందుకే అంత మంట పుట్టింది.

రవి “స్వరూప ఏది?” అని అడిగేవాడు. పుట్టింటికి పోయింది, రేపొస్తది అనేదాన్ని. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు. వాడికి ప్రతిసారీ కొత్తే. నాకు మాత్రం ప్రతిసారీ పాతదే, ఇంకాస్త లోతుగా దిగేది. కొన్ని వారాలు గడిచాయి. అటు నుంచి కబురు లేదు. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ తీసి, “జర ఒంట్ల బాగలేదు వదినా, ఉండనీ” అనేది.

గుడ్డలు కట్టే పని మా ఆయన తీసుకున్నాడు. ఒకరోజు మర్చిపోయాడు. రవి రెండోసారి పిండబోయాడు, ఈయన అడ్డుపోయాడు, వాడు తోసేశాడు. ఈయన పేడలో వెల్లకిలా పడ్డాడు. నేను లేపబోతే లేవలేదు. అక్కడే కూర్చుని, మా ఇద్దరి పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను వినని గొంతుతో అన్నాడు:

“గీడు మన రవి గాదే. మన పిల్లగాడు ఏడికి పోయిండే?”

మరునాడే నేను స్వరూపను తీసుకురావడానికి బయలుదేరాను. బతిమాలాలి, లేదా తిట్టాలి, కాళ్ళు పట్టుకోవాలి, ఏదైనా చేసి తీసుకురావాలి. ఆ పిల్ల లేకపోతే మేం ముగ్గురం ఆ ఇంట్లో బతకలేం. బస్సులో ఇదే లెక్క.

వియ్యపురాలు నన్ను చూసి తత్తరపడింది. మర్యాదగా కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. గది మూలన ఒడిబియ్యం మూట అలాగే ఉంది. నా చూపు అటు పోయిందని గమనించి తనే వాపోయింది. “ఏం జెయ్యాలె వదినా, పురుగు పడుతున్నది. ఈడ వండొద్దు గదా.” నిజమే, ఒడిలో పోసిన బియ్యం పుట్టింట్లో వండరు. అత్తింటికి తెచ్చి వండి నలుగురికి పెట్టాలి. కూతుర్ని ఆపుకోవాలనుకున్నవాళ్ళు ఇంకే సాకైనా చెప్పొచ్చు. పోయిపోయి, అత్తగారింటికి చేరితే తప్ప తీరని సాకు పట్టుకున్నారు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.

ఆమె నవ్వలేదు. “నువ్వు గూడ ఆడదానివే గదా. నీ బిడ్డైతే ఏం జేస్తువు?” అని అడిగింది.

నాకు ఆడపిల్ల లేదు. ఉంటే, ఆ కనుబొమ్మ చీరిన పూటే పోయి తెచ్చుకునేదాన్ని. ఆమె ఇచ్చిన నీళ్ళే ఇంకో గుక్క తాగాను.

స్వరూప లోపలి నుంచి వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది. నా ఎదురుగా కింద కూర్చుంది. పెళ్ళి ఫొటో ఎందుకు తెచ్చుకున్నావని అడిగాను. ఏం అడగాలో తెలియక అదే అడిగాను.

“నా మొగడు గా ఫొటోలనే ఉన్నడు అత్తమ్మా. ఇంట్ల ఉన్నాయన వేరే. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ నా మొగడు ఆ ఇసుకల్నే పోయిండు. ఒక్కలన్న నన్ను ఏడ్వనిచ్చిన్రా? ఏడిస్తే, బతికిండు గదా అన్నరు. మీరు గూడ అన్నరు. పోయినోళ్ళ పెండ్లానికి పది దినాలన్న ఏడ్చెటందుకు ఉంటది. నాకు అది గూడ లేదు.”

నాలో ఏదో తెగింది. రెండేళ్ళు బిగపట్టుకున్నది. “కొడుకా... నా రవీ... నన్ను నవ్వించే కొడుకా...” అని శోకం తీశాను. చావింట్లో తీసినట్టే, పేరు పెట్టి, వాడి పాటలు, వాడి చేష్టలు అన్నీ ఎత్తుకుని ఏడ్చాను. వియ్యపురాలు లేచి గబగబా తలుపు మూసింది.

“అయ్యో వదినా, బతికున్నోని మీద శోకం తీస్తరా? అరిష్టం, అరిష్టం! ఊకో!”

ఊరుకోలేదు. స్వరూప నా మెడ పట్టుకుని నాతో గొంతు కలిపింది. చివరికి ఆ వియ్యపురాలు కూడా తలుపుకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. గొంతు పోయేదాకా ముగ్గురం ఏడ్చాం.

తరువాత నేను అన్నాను: “నిన్ను తోల్కపోదామనే వచ్చిన బిడ్డా. ఇగ అడగ. నీ ఇష్టం.”

“నాకే తెలుస్తలేదు అత్తమ్మా” అంది. “గుడ్డలు ఎవరు కడుతున్నరు?” అని అడిగింది.

“మీ మామ.”

“మామ మర్చిపోతడు” అంది.

ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చాను. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా వెనక ఎవరూ లేరని చూసి గేటు మూశాడు. ఆ సాయంత్రం ఆయనను కూర్చోబెట్టి, స్వరూప అన్నదంతా చెప్పాను. ఆయన కూడా ఏడ్చాడు. ఆ తరువాత ‘బద్ధకం’ అన్న మాట ఆయన నోట రాలేదు.

2013, వానలు పడ్డాక

ఎవరూ పిలవలేదు, ఎవరూ తోడు రాలేదు. స్వరూప ఆటో దిగి వచ్చింది. ఒడిలో మూట. “బియ్యానికి పురుగు పట్టింది, వండాలె” అని మాత్రం అంది. నేను చేట తెచ్చిచ్చాను. ఇద్దరం కూర్చుని చెరిగాం, ఏరాం. పక్కిళ్ళ ముత్తైదువలను పిలిచి, పాయసం చేసి, విస్తళ్ళు వేశాం. టీవీ కట్టేశాం. మెల్లగా మాట్లాడమని మా ఆయన స్వయంగా అందరి దగ్గరికీ పోయి చెప్పాడు.

రవి నెమ్మదిగా తిన్నాడు. తిన్నంతసేపూ ఆమెనే చూస్తున్నాడు. ఆమె పాయసం గిన్నె పట్టుకుని వాడి విస్తరి దగ్గరికి రాగానే తలెత్తి అడిగాడు.

“నువ్వు ఉంటవా, పోతవా?”

రెండేళ్ళుగా మా ఇంట్లో, వాళ్ళింట్లో, చుట్టాల్లో అందరి గొంతుల్లోనూ ఉన్న ప్రశ్న అది. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మా వాడికి ధైర్యమూ లేదు, భయమూ లేదు. వచ్చింది, అడిగాడు.

స్వరూప గిన్నె కింద పెట్టింది. వాడి ఎదురుగా కూర్చుంది.

“ఇయ్యాల్టికి ఉంట” అంది.

“సరే” అని వాడు పాయసం తిన్నాడు.

2014

ఇప్పుడు స్వరూప ఎయిర్‌పోర్టు దారిలో ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే దగ్గర పనికి పోతోంది. అది ఆమె అడిగింది, మేం ఒప్పుకున్నాం. తను వేరే గదిలో పడుకుంటానంది, దానికీ ఒప్పుకున్నాం. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. నొక్కుకోనీ, నోళ్ళు వాళ్ళవే కదా. రవికి కోపం కొంచెం తగ్గింది. మరుపు తగ్గలేదు, ఇక తగ్గదని డాక్టరు చెప్పాడు. వాడు పాత రవిలా నవ్వించడు. కానీ దుడ్డెల దగ్గర కూర్చుని వాటితో ఏదో మాట్లాడుతుంటే నాకు వింటూ ఉండాలనిపిస్తుంది. ఈ కొత్త మనిషి కూడా నా కొడుకే అని మెల్లమెల్లగా అలవాటు చేసుకుంటున్నాను.

మీ ఇంటికి కూడా ఎవరైనా ఇలా తిరిగొస్తే, ఇంట్లోవాళ్ళను ఏడవనివ్వండి. బతికున్న మనిషి కోసం ఏడిస్తే అరిష్టమేమీ రాదు, నేను ఏడ్చి చూశాను. ఆ మనిషి పెళ్ళామో మొగుడో పక్కనే ఉంటే, వాళ్ళను ముందు ఏడవనివ్వండి.

ఇంతకంటే మంచి మాట చెప్పి ముగిద్దామని ఉంది, కానీ లేదు. అడిగింది గుర్తుండదు కాబట్టి మా వాడు ఆ ప్రశ్న రోజూ అడుగుతాడు. పొద్దున ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుని చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి, “నువ్వు ఉంటవా, పోతవా?” అంటాడు. “ఇయ్యాల్టికి ఉంట” అంటుంది ఆమె. రోజూ అదే మాట, ఒక్క అక్షరం ఎక్కువ ఉండదు. వాడు తలూపి బర్రెల దగ్గరికి పోతాడు. వాడికి ఆ జవాబు చాలు. నాకు చాలదు. అయినా ఆమె నోరు తెరిచేదాకా, నేను చేతిలో పని ఆపి నిలబడతాను.